సాక్ష్యం ఎవరిది? ప్రకాశం జిల్లాలో రెండు క్రైస్తవ సంఘాల టీవీ తగాదా: మధ్యవర్తి నివేదిక

ఒంగోలులో న్యాయవాదిగా పనిచేస్తూ, కోర్టు మెట్లెక్కకముందే తెగిపోగల తగాదాలకు మధ్యవర్తిగా కూర్చోవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. నా దగ్గరకు ఎక్కువగా గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, పొగాకు బాకీలు వస్తాయి. లోకల్ కేబుల్ చానెల్లో వచ్చే అరగంట కార్యక్రమాల మీద రెండు క్రైస్తవ సంఘాలు కొట్టుకునేదాకా వెళ్ళిన వ్యవహారం రావడం అదే మొదటిసారి. ఇలాంటి తగాదాలు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నాయనీ, వాటిలో చాలావరకు పోలీస్ స్టేషన్ వరండాలో పైపైన సర్దుబాటై లోపల మాత్రం అలాగే మిగిలిపోతున్నాయనీ తర్వాత నాకు తెలిసింది. అందుకే ఇరుపక్షాల అనుమతితోను, అంతకంటే ముఖ్యంగా ఈ తగాదా మధ్యలో చిక్కుకుని, చనిపోయిన ఒక తల్లి కూతురి అనుమతితోను, జరిగినదంతా రాస్తున్నాను. ఊరి పేరుగాని, సంఘాల పేర్లుగాని, మనుషుల పేర్లుగాని రాయను. ఒంగోలుకు పడమరగా, పొగాకు బ్యారన్లూ జామాయిల్ తోటలూ ఉన్న ఒక మండల కేంద్రమని మాత్రం చెబుతాను.

రెండు సంఘాలు

మొదటిది పాత సంఘం. నెల్లూరులో 1840లో శామ్యూల్ డే మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనికి ఒంగోలులో 1866లో వచ్చి నిలిచిన క్లౌ దొర ఊతమిచ్చాడన్న చరిత్ర ఇక్కడి వాళ్ళకు నోటికి వచ్చు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు పని సాగుతున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. పాత సంఘ పెద్ద నాతో అన్న మొదటి మాట, ఆ 2,222 మందిలో తన ముత్తాత ఒకడన్నదే. ఈ మాట వెనక ఎంత బరువుందో పట్టించుకోకపోతే ఈ తగాదాలో ఏదీ అర్థం కాదు. మాల, మాదిగ పల్లెల్లో ఒక మనిషికి ఊరు ఇవ్వని గౌరవం ఆ నీళ్ళలో దొరికింది. ఆ బాప్తిస్మం చెల్లదంటే, దాన్ని వేదాంత చర్చగా కాక తమ తాతల పరువు తీసినట్టుగా వాళ్ళు వింటారు.

రెండోది కొత్త సంఘం, దాదాపు పదిహేనేళ్ళ నాటిది. పెంతెకొస్తు బోధ, ఆత్మావేశంలో పలికే అన్యభాషలు, స్వస్థత ప్రార్థనలు, శుక్రవారం ఉపవాస కూడిక, రేకుల షెడ్డు ఉంటాయి. పాస్టరు నెల్లూరు వైపు నుంచి వచ్చి, సైకిలు మీద పల్లెలు తిరిగి సంఘాన్ని కట్టుకున్న మనిషి. మారుమనస్సు లేకుండా వయసొచ్చిందని వరసలో నిలబడి తీసుకున్నది బాప్తిస్మం కాదని ఆయన బోధ. అందువల్ల పాత సంఘం నుంచి వచ్చినవాళ్ళకు మళ్ళీ ఇస్తాడు, ఆ రోజునుంచి నగలు తీసేయమంటాడు. రెండు సంఘాలూ ముంచే ఇస్తాయి కనుక, నీళ్ళు చిలకరించాలా ముంచాలా అన్న పాత వివాదం ఇక్కడ లేదు. మొదటి ముంపు లెక్కలోకి వస్తుందా రాదా అన్నదే వివాదం. పాత సంఘం వాళ్ళు దీన్ని గొర్రెల దొంగతనం అంటారు. మేత లేని చోటునుంచి గొర్రెలు వాటంతట అవే వస్తాయని కొత్త సంఘం జవాబు.

శుభవార్త, ఆరాధన వంటి శాటిలైట్ చానెళ్ళలో అరగంట కొనడం మండల కేంద్రంలోని సంఘానికి మోయలేని పని. లోకల్ కేబుల్ ఆపరేటరు నెలవారీ అద్దెకు స్లాట్లు ఇచ్చేవాడు. పాత సంఘానికి గురువారం, కొత్త సంఘానికి శుక్రవారం, రాత్రి ఏడున్నర గంటలకు. మొదట్లో రెండూ పాటలూ ప్రసంగమే. క్రమంగా శుక్రవారం చెప్పినదానికి గురువారం జవాబు, గురువారం జవాబుకు మళ్ళీ శుక్రవారం జవాబు వచ్చాయి. ఎవరూ ఎవరి పేరూ తీయలేదు, కాని ఎవరి గురించో ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు.

ఒక తల్లి

ఈ తగాదా మధ్యలో ఉన్న మనిషి ఒక వితంతువు. పుట్టింది పాత సంఘంలో. భర్త అందులో డీకన్‌గా చేసి, పాత సమాధుల తోటలో పడుకున్నాడు. భర్త పోయాక ఆమె శుక్రవారం కూడికకు వెళ్ళడం మొదలుపెట్టింది, రెండోసారి బాప్తిస్మం తీసుకుంది, చెవుల కమ్మలు తీసేసింది. కొత్త సంఘం కార్యక్రమంలో కూర్చుని సాక్ష్యం చెప్పింది: ప్రార్థనతో షుగరు నయమైందనీ, మాత్రలు మానేశాననీ. ఎనిమిది నెలల తర్వాత పక్షవాతం వచ్చి, ఒంగోలు తీసుకొచ్చేలోగా కన్నుమూసింది.

పాత సంఘం పెద్దలు సమాధుల తోటలో స్థలం ఇవ్వలేదు. రెండో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు సంఘాన్ని తిరస్కరించినట్టేననీ, తిరస్కరించినవాళ్ళకు తోటలో హక్కు ఉండదనీ చెప్పారు. శవాన్ని ఇంటిముందు పెట్టుకుని మధ్యాహ్నం వరకు బతిమాలిన కుటుంబం చివరికి సొంత చేలో గట్టు పక్కన పూడ్చింది.

తర్వాతి వారం శుక్రవారం కొత్త సంఘం ఆమె సాక్ష్యాన్ని మళ్ళీ వేసింది. మధ్యలో శవపెట్టె దృశ్యాలు, గట్టు పక్కన గుంత, దుఃఖపు సంగీతం, స్థలం ఇవ్వని వాళ్ళ గురించి పాస్టరు మాటలు ఉన్నాయి. తర్వాతి గురువారం పాత సంఘ పెద్ద తెర మీదకు వచ్చి, దుర్బోధ విని మాత్రలు మానేసినవాళ్ళ గతి చూశారు గదా అన్నాడు. ఆ రాత్రి షెడ్డు రేకుల మీద రాళ్ళు పడ్డాయి, మర్నాడు పాత సంఘం గేటు దగ్గర ఉజ్జీవ సభల ఫ్లెక్సీ చిరిగింది. రెండు పక్షాలూ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాయి.

చట్టం ఎంతవరకు

ముందు ఇద్దరికీ విడివిడిగా చట్టం చెప్పాను, ఎందుకంటే ఇద్దరూ 295ఏ అన్న అంకెను కత్తిలా పట్టుకుని వచ్చారు. అప్పటికి ఐపీసీయే అమల్లో ఉంది. 2024 జూలై 1 నుంచి అదే నేరం భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ అయింది. మత విశ్వాసాన్ని కించపరిచారనడం ఒక్కటే ఆ సెక్షన్‌కు చాలదు, బుద్ధిపూర్వకమైన దురుద్దేశం ఉండాలి. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే స్పష్టం చేసింది. పైగా కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అంటే ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళంతా గురువారాలూ శుక్రవారాలూ వస్తూనే ఉంటాయి.

కేబుల్ చట్టం సంగతి వేరు. 1995 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం కింద కార్యక్రమ నియమావళి ఉంది. మతాల మీద, మత సమూహాల మీద దాడి చేసే మాటలూ దృశ్యాలూ, మూఢనమ్మకాన్ని ప్రోత్సహించే కార్యక్రమాలూ అందులో నిషిద్ధం. శాంతికి భంగం అనుకుంటే ప్రసారం ఆపించే అధికారం 19వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు ఉంది. ఈ మాట చెప్పగానే ఇద్దరూ ఒకే ప్రశ్న వేశారు: అవతలివాళ్ళది మాత్రమే ఆపించవచ్చా? కుదరదని చెప్పాను. ఆపితే రెండూ ఆగుతాయి, ఆపరేటరు భయపడి మూడో సంఘానికి కూడా స్లాటు ఇవ్వడు.

నేను బాప్టిస్టు కుటుంబంలో పెరిగినవాణ్ణి. ఆ సంగతి మొదటిరోజే కొత్త సంఘం పాస్టరుకు చెప్పి, నాతోపాటు ఇంకో ఇద్దరు కూర్చోవాలని కోరాను. ఒకరు విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, ముస్లిం. ఆ ఊళ్ళో సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే, రెండు పక్షాలూ ఆయన్ను మాస్టారనే పిలుస్తాయి. ఇంకొకరు న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా పనిచేసే ఒక సోదరి. ఇలాంటి స్థానిక వివాదాలకు ముగ్గురు మధ్యవర్తుల పద్ధతిని 2023 మధ్యవర్తిత్వ చట్టంలో కూడా రాశారు. ఆ పద్ధతిలో కుదిరిన ఒప్పందానికి డిక్రీ బలం ఉండదనీ అందులోనే ఉంది. మా కాగితానికి ఊరి మాటకున్న విలువ తప్ప వేరే విలువ లేదని ముందే చెప్పి కూర్చోబెట్టాము.

నేను చేసిన పొరపాటు

మొదటి ఉమ్మడి సమావేశంలో నేను ల్యాప్‌టాప్ తీసి రెండు కార్యక్రమాల భాగాలూ అందరి ముందు వేశాను. ఆధారం కళ్ళముందు ఉంటే వాదన తగ్గుతుందని నా లెక్క. కోర్టులో అది పనిచేస్తుంది. ఇక్కడ పాత సంఘ పెద్ద తన మాట తానే తెర మీద విని, తన వాళ్ళ ముందు దాన్ని వెనక్కి తీసుకోలేక, ఇంకో అడుగు ముందుకు వేశాడు. పాస్టరు పక్కనున్న కుర్రాడు లేచి బల్ల మీద చెయ్యి కొట్టాడు. పది నిమిషాల్లో సమావేశం ముగిసింది. వాళ్ళు ఆ గదిలో మళ్ళీ అడుగుపెట్టడానికి మూడు వారాలు పట్టింది.

బయటికి వచ్చాక మాస్టారు నాతో, "టీవీలో చూసిందాన్ని మళ్ళీ టీవీలో చూపిస్తే ఏమొస్తుందండీ, వాళ్ళను అసలు ఒకరి మొహం ఒకరు చూడనివ్వండి" అన్నారు. ఆ మాటతో నాకు ఈ తగాదా స్వభావం తెలిసింది. గుళ్ళో ప్రసంగ వేదిక మీద అన్న మాటను వినేవాళ్ళు ఆ మనిషిని ఎరిగినవాళ్ళు. వాళ్ళలో ఎవరైనా బయట చెప్పులు తొడుక్కుంటూ ఇదేంది అయ్యగారూ అని అడగవచ్చు. అదే మాట కేబుల్ తీగ మీద ఎదుటి సంఘం వాళ్ళ నట్టింట్లోకి వెళ్ళినప్పుడు, అన్నం తింటున్న భార్యాబిడ్డల మధ్య కూర్చుని ఒక మనిషి దాన్ని వినాలి. అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు. జవాబు చెప్పాలంటే వారం ఆగాలి. ఆ వారమంతా మాట లోపల ముదురుతుంది.

తర్వాత నేను పాస్టరుతో విడిగా కూర్చున్నప్పుడు బయటి దేశాల సంగతులు రెండు చెప్పాను, ఎందుకంటే ఆయన అమెరికా టీవీ ప్రసంగీకుల్ని ఎంతో గౌరవంగా తలుచుకునేవాడు. 1986లో జిమ్మీ స్వాగర్ట్ తోటి ప్రసంగీకుడు మార్విన్ గోర్మన్ మీద వ్యభిచార ఆరోపణలు చేశాడు. 1988లో స్వాగర్ట్ తానే తప్పు ఒప్పుకుని తెర మీద ఏడ్చాడు. 1991లో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ గోర్మన్‌కు కోటి డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చింది. బ్రెజిల్‌లో 1995 అక్టోబరు 12న, కథోలికులు అపరెసీడా మాత పండుగ చేసుకునే రోజునే, యూనివర్సల్ చర్చి బిషప్పు ఒకాయన ఆ చర్చి అధినేత కొనుక్కున్న చానెల్లోనే ఆ మాత ప్రతిమను చేత్తో కొట్టి, కాలితో తన్నాడు. దేశమంతా అట్టుడికింది, తర్వాత ఆయనకు శిక్ష పడింది. పాస్టరు చాలాసేపు మాట్లాడలేదు. "నేను తన్నలేదు గదా సార్" అన్నాడు చివరికి. తన్నలేదు, నిజమే. చనిపోయిన మనిషి పెట్టెను మాత్రం చూపించారు అన్నాను.

ఎడిటింగ్ గదిలో

2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం లోకల్ చానెల్ కార్యక్రమాల రికార్డింగును 90 రోజులు ఉంచాలి. ఆ సాక్ష్యం మొదట రికార్డు చేసింది ఏడాది కిందట అయినా, చనిపోయాక మళ్ళీ వేశారు కనుక ఫైలు ఆపరేటరు దగ్గర ఉంది. పాస్టరు అనుమతితో నేనూ, సోదరీ, పాస్టరూ ఆ గదికి వెళ్ళాము. బస్టాండు వెనక మిద్దె మీద చిన్న గది, ఏసీ చప్పుడు, రెండు మానిటర్లు, గోడకు నీలం గుడ్డ. ఎడిటింగ్ కుర్రాడు ప్రసారమైన ఫైలు కాకుండా పొరపాటున కోత వేయని అసలు ఫైలు తెరిచాడు.

ఆ తల్లి ప్లాస్టిక్ కుర్చీలో, కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చుంది. కమ్మలు తీసేసిన చెవి తమ్మెల్లో రంధ్రాలు సాగి, వెలుతురు పడి కనిపిస్తున్నాయి. మాత్రలు మానేశానని చెబుతోంది. అప్పుడు కెమెరా వెనకనుంచి పాస్టరు గొంతు వినిపించింది: "అమ్మా, మాత్రలు మాత్రం డాక్టరుగారిని అడక్కుండా మానకూడదమ్మా." ఆమె తలూపి, సరే అయ్యగారూ అంది.

ఈ ముక్క ప్రసారంలో లేదు. సోదరి కుర్రాడి వైపు చూసింది. అతను మెల్లగా, "టైం చాల్లేదు మేడం, అయ్యగారే తీసెయ్యమన్నారు" అన్నాడు. పాస్టరు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. ఆయన ఆమెను మాత్రలు మానమనలేదు, అంతేకాదు, మానవద్దన్నాడు కూడా. కాని మానవద్దన్న మాటే సాక్ష్యాన్ని బలహీనం చేస్తుందనిపించి తీయించేశాడు. ఆ కార్యక్రమం చూసి ఎన్ని ఇళ్ళలో ఎంతమంది మాత్రలు మానారో ఎవరు చెప్పగలరు? ఈ ప్రశ్న నేను వేయలేదు, ఆయనే అన్నాడు. విడిగా తెలిసిన సంగతిని రెండో పక్షానికి చెప్పే హక్కు మధ్యవర్తికి లేదు. నేను చెప్పలేదు. ఏం చేయాలో నిర్ణయించుకోవలసింది ఆయనే.

సమాధుల తోట

పాత సంఘ పెద్దకు తోట తమ మిషన్ ఆస్తి అని గట్టి నమ్మకం. తహసీల్దారు కార్యాలయంలో రికార్డు తీయించాను. ఆ సర్వే నంబరు ప్రభుత్వ భూమిగా, క్రైస్తవుల శ్మశానంగా నమోదై ఉంది. ఫలానా సంఘానిదని ఎక్కడా లేదు. కాగితం ఆయన చేతిలో పెట్టినప్పుడు కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివి, "మా నాయన కాడినుంచీ మాదే అనుకున్నామే" అన్నాడు. ఆ మాటలో మొండితనం లేదు. తరతరాలుగా ప్రహరీ కట్టి, ముళ్ళకంప కొట్టి, తోటను కాపాడుకున్నది వాళ్ళే. కాపాడినంత మాత్రాన ఎవరు లోపల పడుకోవాలో తేల్చే అధికారం వస్తుందా అన్నదే ప్రశ్న, ఆ ప్రశ్నను మేము ఆయనకే వదిలాము.

కూతురు

అప్పటిదాకా ఏ పక్షమూ ఆ తల్లి కూతురి సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు, తగాదా రెండు సంఘాలదని రాసుకున్నాను కనుక మూడో మనిషి నా కళ్ళకు ఆనలేదు. సోదరి ఆ కూతురి ఇంటికి వెళ్ళి వచ్చి, కూతురు చెప్పినదంతా రాసి ఇచ్చింది. ఆ అమ్మాయి పెళ్ళి చేసుకుని పక్క పల్లెలో ఉంటుంది, పాత సంఘంలోనూ కొత్త సంఘంలోనూ లేదు, ఆదివారం తీరికైతే ఏదో ఒక గుడికి వెళుతుంది. తల్లి పోయిన తొమ్మిదో రోజు, అన్నం వడ్డిస్తుంటే టీవీలో అమ్మ గొంతు వినిపించిందట. చేతిలో గరిటె అలాగే ఉండిపోయిందట. వాళ్ళాయన రిమోటు తీసుకుని ఆపబోతే వద్దంది, అమ్మ మాట్లాడుతుంటే ఎట్టా ఆపేది అని. తర్వాత పెట్టె కనిపించింది. తర్వాతి వారం అమ్మ గతి గురించి ఇంకో గొంతు వినిపించింది.

ఆమె అడిగినవి రెండే: "మా అమ్మను టీవీలో ఎవరూ వేయగూడదు. మా నాయన పక్కన మా అమ్మ పేరు ఉండాల."

ఈ రెండు కోరికలూ చదివి వినిపించిన తర్వాతే మేము ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాము, ఈసారి ల్యాప్‌టాప్ లేదు, కూతురు మాత్రం వచ్చింది. ఒకరి ముందు ఒకరు ఇసుమంత తగ్గడానికి ఒప్పుకోని మనుషులు ఆ బిడ్డ ముందు తగ్గారు. పాస్టరు తానే ఆ కోసేసిన మాట సంగతి చెప్పి, తీయించినందుకు క్షమించమన్నాడు. ఆమె చాలాసేపు తల ఎత్తలేదు. పాత సంఘ పెద్ద లేచి, "మీ నాయన నాతో కలిసి కానుకలు లెక్కపెట్టిన మనిషమ్మా. ఆ రోజు తలుపు మూసింది నేనే" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ రెండో మనిషికి క్షమాపణ చెప్పలేదు. మేమూ అడగలేదు. అడిగి ఉంటే ఇదీ పోయేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఒప్పందం

ఒప్పంద పత్రం ఒకటిన్నర పేజీ. ఆ సాక్ష్యం అన్ని రూపాల్లో తీసేయాలి. బాప్తిస్మం, అన్యభాషలు, నగలు, దేని మీదైనా ఎవరి బోధ వాళ్ళు టీవీలో నిర్భయంగా చెప్పుకోవచ్చు, కాని ఎదుటి సంఘాన్నిగాని, దాని మనుషుల్నిగాని గుర్తుపట్టేలా చెప్పకూడదు. స్వస్థత సాక్ష్యం వేస్తే వైద్యం గురించి అన్న జాగ్రత్త మాట కోయకూడదు. శవపేటికను, సమాధిని కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప చూపకూడదు. తోటలో స్థలం ఇవ్వడానికి ఎవరి బాప్తిస్మం ఎక్కడ జరిగిందని అడగకూడదు. పోలీసు ఫిర్యాదుల మీద ఇద్దరూ రాజీ పడినట్టు స్టేషన్లో రాసిచ్చారు. నొచ్చుకున్నవాళ్ళకు అదే స్లాటులో అయిదు నిమిషాల జవాబు ఇవ్వాలని నేను పెట్టిన షరతును ఆపరేటరు ఒప్పుకోలేదు, తన చానెల్ పంచాయితీ బల్ల కాదన్నాడు. ఆలోచిస్తే అతనిదే సబబు, తీసేశాను.

తండ్రి సమాధి పక్కన తల్లి పేరుతో రాయి నిలపాలన్నప్పుడు మళ్ళీ కొంత పేచీ వచ్చింది. తల్లి శరీరాన్ని తీసి మార్చడం కూతురికి ఇష్టం లేదు, అందుకే రాయి మాత్రమే. రాతి మీద బాప్తిస్మం తేదీ వేయడం ఇక్కడ కొన్ని కుటుంబాల్లో ఆచారం. ఏ తేదీ వేయాలి? పాత సంఘం వాళ్ళు మొదటిదన్నారు, పాస్టరు రెండోదన్నాడు. మాస్టారు కూతురివైపు చూశారు. ఆమె ఏ తేదీ వద్దంది.

నాలుగు నెలల తర్వాత పాస్టరు ప్రసంగాన్ని చిన్న ముక్కలుగా యూట్యూబ్‌లో పెడుతున్న కుర్రాళ్ళు, పాత సంఘాన్ని ఎత్తిపొడిచే ఒక ముక్కను పెట్టారు. ఒప్పందంలో నేను కేబుల్ అని మాత్రమే రాశాను, ఇంటర్నెట్ సంగతి రాయలేదు. సాక్ష్యం విషయంలో అన్ని రూపాలు అని రాసిన నేనే పక్క వాక్యంలో ఆ జాగ్రత్త మరిచాను. ఇద్దరినీ పిలిపించి, అసలు పత్రం మీదే చేత్తో ఒక వాక్యం చేర్చి సంతకాలు తీసుకున్నాను. ఆ ముక్క అదే రాత్రి తీసేశారు.

రాయి నిలిపిన రోజు నేను వెళ్ళాను. పాస్టరు తోట గేటు బయటే నిలబడ్డాడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. పాత సంఘ పెద్ద రాలేదు, మోకాళ్ళ నొప్పులన్నారు, కొడుకును పంపాడు. కూతురు సంచిలోంచి గుడ్డ తీసి రాతి మీద పడ్డ సున్నపు మరకలు తుడిచింది. రాతి మీద తల్లి పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, కింద "మా అమ్మ" అని ఉన్నాయి.